కరెంటు పోతే చేతులు పైకి

"కరెంటు పోతే ఏం చేస్తావురా?"

సుగ్రా బేగం ఆ మాట అడిగేసరికి అన్నానికి కింద పరిచిన దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్న ముగ్గురూ తలలెత్తారు.

"యాడ అమ్మీ?" అన్నాడు ఆమె కొడుకు రియాజ్, ముద్ద నోటి దగ్గరే ఆపి.

"ఆ పేకాట గదిలో. నువ్వా దొంగల మధ్య నిలబడుకోని ఉంటావు. టప్పుమని కరెంటు పోతాది. చీకట్లో ఎవుడన్నా కత్తి తీస్తే?"

"దానికీ రూల్ ఉందిలే. క్యాసినోలో కరెంటు పోతే టేబుల్ చుట్టూ ఉన్నోళ్ళంతా చేతులు పైకెత్తాల. ఎవ్వరూ దేన్నీ ముట్టుకోకూడదు. లైట్లు వచ్చినాక పేక ముక్కలు, బిళ్ళలు అన్నీ మళ్ళీ మొదట్నుంచి చెక్ చేయాల. చేసేదెవరు? నేను."

"చేతులు పైకెత్తితే కడుపులో పొడుస్తారు గదరా."

ఎదురుగా కూర్చున్న యాదగిరికి పొలమారింది. "అక్కా, ఎట్ల అస్తయ్ నీకు గీ ఆలోచనలు?" అన్నాడు నీళ్ళ గ్లాసు అందుకుంటూ.

సౌదీలోని అల్ ఖర్జ్‌లో శుక్రవారం మధ్యాహ్నం. జుమ్మా నమాజు అయింది, కడుపులు నిండాయి, వీధులకు వీధులు నిద్రపోతున్నాయి. లోకానికి సుగ్రా బేగం కడప నుంచి వచ్చి, డెయిరీ ఫారాల పనివాళ్ళకు క్యారియర్లు కట్టే మెస్సు నడిపే మనిషి. ఆ మెస్సు వెనక గది మన దేశపు గూఢచారి డిపార్ట్‌మెంట్ సేఫ్ హౌస్ అని లోకానికి తెలియదు. లోకానికి రియాజ్ వాటర్ ట్యాంకర్ డ్రైవరు. డిపార్ట్‌మెంట్‌కు ఏజెంట్ టీ-నైన్. యాదగిరి ఆర్మూరు నుంచి వచ్చిన ఏసీ మెకానిక్. ఈ ఆపరేషన్‌కు అతనే చీఫ్.

ఇలాంటి పనిలోకి కన్నకొడుకును ఎలా పోనిచ్చావమ్మా అంటే, వాడు అడగలేదు, ఆమె ఆపలేదు. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. సుగ్రా బేగానికి కీడెంచడంతోనే పొద్దు గూకేది, మేలు వంతు వచ్చేది కాదు.

యాదగిరి చేయి కడుక్కుని వచ్చాడు. "లాస్ట్ బ్రీఫింగ్. టార్గెట్?"

"ఇస్తిరాహా," అన్నాడు రియాజ్. "ఫారాలు దాటినాక, ఖర్జూర తోట వెనక ఉండే విడిది ఇల్లు. చుట్టూ గోడ, లోపల టేబుల్."

"ఓనర్?"

"వాల్టర్. పేరు ఒక్కటే తెలుసు, దేశం తెలీదు."

"సరుకు?"

"మెమరీ కార్డు. మన నేవీ ఓడలు సముద్రంలో తిరిగే దారులన్నీ దాంట్లో ఉండాయి. డబ్బుకు బదులు టేబుల్ మీద పెడతారే ప్లాస్టిక్ బిళ్ళ, అట్లాంటి బిళ్ళ ఒకదాని కడుపులో దాచినారు. వాల్టర్ ఆ బిళ్ళను పందెం కాసి ఓడిపోతాడు. గెలిచేవాడే కొనేవాడు. చేతికి చెయ్యి తగలదు, మాట ఉండదు."

"మంచిది. మిగిలిన ఆటగాళ్ళు?"

"పెద్ద పెద్ద కంపెనీల విదేశీ మేనేజర్లు. వాళ్ళకీ సంగతి తెలీదు. ఉత్త జూదం అనుకోని వస్తాండారు."

జూదమంటే జైలే అయిన దేశంలో ఆ మేనేజర్లు అంత తెగించి వస్తూ కూడా ఒకరినొకరు నమ్మరు. అందుకని దొంగాటకు దొర రూల్స్ పెట్టుకున్నారు. సామాను పెట్టెకు రెండు తాళాలు, తాళంచెవులు ఇద్దరి దగ్గర. ముక్కలన్నీ టేబుల్ మీద పరిచి చూడాలి. ప్రతి బిళ్ళనూ కాటా మీద పెట్టాలి. బరువు తేడా వస్తే అందరి ముందూ దాని నడుమ డ్రిల్‌తో చిల్లు వేసి రద్దు చేయాలి. ఇవన్నీ చూడటానికి బయటి దేశం నుంచి ఒక ఇన్‌స్పెక్టర్ రావాలి. వచ్చిన ఇన్‌స్పెక్టర్ ప్రస్తుతం రియాద్‌లో ఒక హోటల్ గదిలో మనవాళ్ళ కాపలాలో ఉన్నాడు. అతని సూటు, అతని పెట్టె, అతని పేరు రియాజ్ దగ్గరున్నాయి. ఇస్తిరాహా జనరేటర్ దగ్గర యాదగిరి మనిషి భూమేష్ పనిలో ఉన్నాడు.

మూడో మనిషి అప్పుడు నోరు విప్పింది. "అంచు అరిగిన నల్ల బిళ్ళ. అదే మీకు కావాల్సింది. చెకింగ్‌లో మార్చేయండి, అంతే."

ఆమె పేరు ఫర్జానా. హైదరాబాదు పిల్ల. నల్లని అబాయాలోనూ దీపం పెట్టినట్టుంది. బ్యూటీషియన్ వీసా మీద వచ్చి వాల్టర్ ఇస్తిరాహాలో కాఫీ పోసే పనిలో చేరింది. ఆ లోపలి సంగతులన్నీ మన డిపార్ట్‌మెంట్‌కు చేరవేసింది ఆమే. పెట్టె రెండో తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది.

"నీకు పేకాట వచ్చునా అమ్మా?" అని అడిగింది సుగ్రా బేగం.

"అయ్యో ఆంటీ, ముక్కల్లో రాజెవరో రాణెవరో కూడా తెలీదు నాకు." నవ్వింది. ప్లేటులో సగం బిర్యానీ వదిలేసి లేచింది. లేస్తూ రెండు చేతులూ మెత్తగా ఒకసారి తట్టి, అరచేతులు పైకి తిప్పి, మళ్ళీ బోర్లించి, పర్సు తీసుకుంది.

మెతుకులు దులుపుకుంది కాబోలు అనుకుంది సుగ్రా బేగం.

బయల్దేరేముందు కొడుకు జబ్బకు, ప్రయాణంలో రక్షగా ఉంటుందని, ఇమాం జామిన్ కట్టబోయింది. పచ్చగుడ్డలో నాణెం చుట్టి సిద్ధంగా పెట్టుకుంది.

"ఒద్దమ్మీ. ఆ గదిలో ఇన్‌స్పెక్టర్ చేతికి వాచీ ఉండకూడదు, చొక్కాకు జేబు ఉండకూడదు. దారప్పోగు కూడా ఒప్పుకోరు. ఫోను గేటు దగ్గరే ఇచ్చేయాల."

"అంటే నేను పిలిస్తే పలకవా?"

"నా మాట నీకు వినపడతాది. నీ మాటే నాకు వినపడదు."

వాడు వెళ్ళిపోయాడు. ఆ ఇమాం జామిన్‌ను ఆమె ఏం చేయాలో తోచక రైస్ కుక్కర్ పిడికి కట్టింది. అది వట్టి కుక్కర్ కాదు. దాని అడుగున రిసీవర్ ఉంది. రియాజ్ మోసుకెళ్ళిన డిజిటల్ కాటా లోపల మైకు ఉంది.

* * *

కుక్కర్ లోంచి కుర్చీలు జరిపిన చప్పుడు వచ్చింది. తాళం తెరిచిన చప్పుడు, వెంటనే రెండో తాళం. ఇంగ్లీషు మాటలు. సుగ్రా బేగానికి సగం అర్థమయ్యేవి, మిగతా సగం యాదగిరి చెప్పేవాడు.

"ముక్కలు పరిచిండు. అన్నీ సరిగ్గానే ఉన్నయట. ఇగ బిళ్ళలు తూస్తుండు."

టక్, టక్ మని కాటా మీద బిళ్ళలు పడుతున్నాయి. ఆమె ఒక్కోదానికీ గుడ్లప్పగించి కుక్కర్‌నే చూస్తోంది. అందులోంచి కొడుకు కనబడతాడేమో అన్నట్టు.

"టేబుల్ ఈజ్ ఫిట్," అన్నాడు రియాజ్.

అది కోడ్‌వర్డ్. యాదగిరి గట్టిగా ఊపిరి వదిలాడు. "అయిపోయిందక్కా. బిళ్ళ మారింది. అసలుది కాటా అడుగున అరలకు పోయింది. ఇగ ఆట అయినంక బయటికొచ్చుడే."

ఆట మొదలైంది. ఎవరో నవ్వారు. ఎవరో గొణిగారు. కాసేపటికి చేతులు తట్టిన చప్పుడు, మెత్తగా ఒకసారి.

"అదేంది?" అంది సుగ్రా బేగం.

"డీలర్ మారుతుండు. ముక్కలు పంచేటోడు టేబుల్ కాడికెల్లి లేస్తే గట్ల చేతులు తట్టి, అరచేతులు తిప్పి పైన కెమెరాకు చూపియ్యాలె. బిళ్ళలు దాచుకోలేదని. ఏండ్ల తరబడి చేసి చేసి, ఇంట్ల పడుకుని లేచినా గట్లనే చేస్తరట."

ఆమె చేతిలో తిరుగుతున్న తస్బీ పూసలు ఆగిపోయాయి.

"అన్నా," అంది మెల్లగా, "ఆ పిల్ల అన్నం ముందర్నుంచి లేస్తా అట్లే చేసింది."

"ఏ పిల్ల?"

"ఫర్జానా. తట్టింది, తిప్పింది. నేను చూసినా. ముక్కలంటేనే తెలీదనె గదా? తెలియనిదానికి ఆ అలవాటు యాడిది?"

యాదగిరి తల అడ్డంగా ఊపాడు. "అక్కా, మొన్న గ్యాస్ పిలగాడు గూఢచారి అన్నవు. ఖర్జూరాలు అమ్మేటాయన మన గోడ కొలుస్తుండు అన్నవు. ఆఖరికి పిల్లి మెడల గంట సూసి మైకు అన్నవు. ఒక్కటన్న నిజమైందా?"

"కాలేదు. అన్నిసార్లూ తప్పే. ఈసారీ తప్పే కావాలని దువా చేస్తాండా. కానీ అది డీలర్ అయ్యుంటే వాల్టర్ మనిషి. మీవాళ్ళకు చెప్పిన బిళ్ళ ఉత్తది. అసలుది దాని దగ్గరే ఉంటాది. మీరు గెలిచినామనుకోని నిద్రపోతారు. నా కొడుకును మాత్రం ఆట అయినాక ఇసుకలో పూడుస్తారు."

యాదగిరి నుదురు తుడుచుకున్నాడు. "మరి రియాజ్‌ను ఇప్పుడే ఎందుకు పట్టుకుంటలేరు?"

"ఆ మేనేజర్లు ఉండారు గదా. వాళ్ళ ముందర గొడవ పడితే ఆటే ఉండదు. వాళ్ళు లేచిపోయేదాకానే వాడికి ఆయుస్సు."

అన్న తర్వాత ఆ మాట ఎందుకన్నానా అని ఆమె నాలుక కరుచుకుంది. కుక్కర్ లోంచి వాల్టర్ గొంతు వినిపించింది, మెత్తగా, పట్టులాగా. యాదగిరి ముఖం మారింది.

"ఏమంటాడు?"

"లాస్ట్ పందెం అంటుండు. కాఫీ తెమ్మంటుండు."

"ఎవుర్ని?"

"ఫర్జానాను," అన్నాడు యాదగిరి. అసలు బిళ్ళ ఆ కాఫీ ట్రేలోనే వస్తుంది కాబోలు.

"కరెంటు తీసెయ్," అంది సుగ్రా బేగం.

"అక్కా..."

"మీ భూమేష్ ఆడ జనరేటర్ దగ్గర ఉండాడు గదా. తీసెయ్యమను. మళ్ళీ మొదట్నుంచి చెక్ చేయాల గదా. అది రూలే గదా."

"కరెంటు పోతే ఫస్టు అనుమానం ఇన్‌స్పెక్టర్ మీదనే. రియాజ్ మీద."

"తెలుసు. తీసినా చంపుతారు, తీయకపోయినా చంపుతారు. తీస్తే వాడికి ఇంకోసారి చూసే వీలన్నా ఉంటాది."

యాదగిరి ఫోను తీశాడు. రెండే మాటలు. "భూమేష్, మెయిన్."

కుక్కర్ ఊపిరి ఆగినట్టు మూగబోయింది.

అప్పుడు గుర్తొచ్చింది ఇద్దరికీ. ఆ కాటా నడిచేది కూడా ఆ కరెంటు మీదే. తన చెవిని తానే కోసుకున్నట్టయింది ఆమెకు. చీకటి గదిలో కొడుకు చేతులు పైకెత్తుకుని నిలబడి ఉన్నాడు. అన్నం దగ్గర తను అన్న మాట తిరిగి తిరిగి తన మీదికే వస్తోంది: కడుపులో పొడుస్తారు గదరా. కుక్కర్‌ను రెండు చేతులతో పట్టుకుంది. ఇమాం జామిన్ ముడి వేళ్ళకు తగిలింది.

గర్రుమంది కుక్కర్.

లైట్లు వచ్చాయి కాబోలు, ఎవరో హమ్మయ్య అన్నారు. వెంటనే చేతులు తట్టిన చప్పుడు, టేబుల్ దగ్గర. ఆ వెనకే ఇంకొకటి, కాస్త దూరంలో, మెత్తగా, అదే లయలో.

ఆ రెండోసారి తట్టింది ఎవరో సుగ్రా బేగానికి తెలుసు.

"చెప్పన్నా. ఏమైతాంది?"

"ఆగక్కా." యాదగిరి చెవి ఆనించి విన్నాడు. "రియాజ్ మాట్లాడుతుండు. 'రూల్ ప్రకారం అన్నీ మళ్ళీ చెక్ చేస్త. మేడమ్ కూడా చేతులు చూపించిన్రు. అంటే ఆమె కూడా టేబుల్ మనిషే. ఆమె ట్రే కూడా చెకింగ్ కిందికే వస్తది' అంటుండు."

వాల్టర్ ఏదో అన్నాడు. ఈసారి గొంతులో పట్టు లేదు. అతని మీదికి మరో రెండు మూడు గొంతులు లేచాయి.

"మేనేజర్లు గరమైన్రు. ట్రే చూపియ్యమని పట్టుబడుతున్రు. కాఫీ పోసేదానికి డీలర్ల అలవాటు యాడికెల్లి వచ్చింది, మా డబ్బులు మింగనీకి పెట్టిన మనిషా అంటున్రు."

కప్పులు కదిలాయి. కాటా మీద ఒకే ఒక్క టక్.

"బరువు ఎక్కువుంది," అన్నాడు యాదగిరి, తన గొంతు తనకే కొత్తగా. "రూల్ ప్రకారం చిల్లు ఏస్త అంటుండు. వాల్టర్ వద్దు అంటలేడక్కా. ఎందుకొద్దో చెప్పాలె గదా అందరికీ. చెప్పలేడు."

డ్రిల్ శబ్దం మొదలైంది. సుగ్రా బేగం జీవితంలో అంత కమ్మటి చప్పుడు వినలేదు. ప్లాస్టిక్ చిట్లింది, ఇంకేదో సన్నగా కరకరలాడింది, అంతే. మన ఓడల దారులన్నీ పొడిగా రాలిపోయాయి.

కుర్చీలు దబదబా వెనక్కి పోయాయి. మేనేజర్లు తిట్టుకుంటూ లేస్తున్నారు. ఆ గోలలో వాల్టర్ గొంతు తగ్గించి ఒక మాట అన్నాడు.

"ఏమన్నాడు?"

"'ఫర్జానా, నిన్ను చేతులు ఎవరు చూపించమన్నరు?' అన్నడు."

సుగ్రా బేగం కళ్ళు మూసుకుంది. సగం వదిలేసిన బిర్యానీ ప్లేటు ఇంకా దస్తర్‌ఖాన్ మీదే ఉంది. ఆ పిల్లను కన్నతల్లి కూడా ఏ ఊర్లోనో ఫోను పక్కన పెట్టుకుని కూర్చుని ఉంటుంది.

టిక్కుమని చప్పుడు. కాటా ఆగిపోయింది. ఆపింది రియాజా, ఇంకెవరైనానా, చెప్పేవాళ్ళు లేరు.

యాదగిరి భూమేష్‌కు ఫోను చేశాడు. కార్లు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయట. దుమ్ములో ముఖాలు కనపడటం లేదట. సూటు వేసుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారట.

ఆమె రియాజ్‌కు ఫోను చేసింది. రింగవుతోంది. గేటు దగ్గర పెట్టెలో పడి ఉంటుంది. మళ్ళీ చేసింది. సాయంత్రపు అసర్ నమాజు అజాన్ వినపడింది, అయిపోయింది. పక్క వీధి నిద్రలేచి పిల్లలు బంతి ఆడుతున్నారు. యాదగిరి లేచి కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆమె చేస్తూనే ఉంది. రింగయి ఆగేది, మళ్ళీ నొక్కేది. మాంసం కూర అడుగంటి వాసన వచ్చినా లేవలేదు.

ఎన్నోసారో ఆమెకే తెలియదు, రింగు మధ్యలో ఆగింది, ఎవరో ఫోను ఎత్తారు. అవతల గాలి హోరు, పికప్ ఇంజను, భూమేష్ ఎవరినో తిడుతున్న చప్పుడు.

ఆమె అలో అనలేదు. అంటే అవతల ఇంకెవరి గొంతో వస్తుందని భయం.

"అమ్మీ," అన్నాడు రియాజ్, "నువ్వన్నట్టే కరెంటు పోయింది. ఇంకా దేనికి దేనికి భయపడతాండావో అన్నీ చెప్పు. ఇంటికొచ్చేదాకా వింటా."