నాలుగు నిమిషాల పళ్లెం మోత

పద్దెనిమిదో ఇంటి స్వరపటం పసుపు రంగు దగ్గర నిలకడగా ఆగింది. శాంభవి దాన్ని పక్కకు జరిపి, చల్లారిపోయిన కాఫీ ఒక గుక్క తాగి, పంతొమ్మిదోది తెరిచింది. ఎరుపు.

ఇంటింటి గోడల్లో అమర్చిన గోడచెవులు మాటలు దాచుకోవు. వాటిని అక్కడికక్కడే చెరిపేస్తాయి. గొంతు ఎంత పెరిగింది, పిల్ల ఎంతసేపు ఏడ్చింది, పెద్దవాళ్లు దగ్గర లేని ఒంటరి నిమిషాలు ఎన్ని, ఇంతవరకే రాసుకుంటాయి. ఎరుపు తేలిన ఇంటికి యంత్రమే పొద్దున్నే కబురు పంపుతుంది, ఆ రోజు పన్నెండు గంటలకల్లా బండి వెళ్తుంది. పిల్ల సర్కారు పిల్లల్ని ఉంచే నీడింటికి చేరుతుంది. ఆర్నెల్లపాటు తల్లిదండ్రులు అద్దానికి అవతల నిలబడి చూడాల్సిందే. ఈ ఏర్పాటు వల్ల బతికి బట్టకట్టిన పిల్లల్ని శాంభవి ఎరుగును. అందుకే ఏడేళ్లుగా ఈ కుర్చీలో ఉంది.

అది ఎవరి ఇల్లో చూడగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. నూకరత్నం. రొయ్యల ప్లాంటులో పనిచేస్తుంది. ఏడాది కిందట కూతురి వీపు మీద అట్లకాడతో వాత పెట్టి, ఆ సాయంత్రమే ఏడుస్తూ తనంతట తాను ఇక్కడికి, కోపానికి చికిత్స చేసే ఈ శమనశాలకు వచ్చింది. ముప్పై రెండు వారాల చికిత్సలో ఒక్క వారం మానలేదు. కోపం మెడదాకా వచ్చిందని తెలియగానే పిల్లకు దూరంగా వెళ్లిపొమ్మని నేర్పింది శాంభవే.

పటాన్ని పెద్దది చేసి చూసింది. వారంలో ముప్పై ఆరు ఒంటరి నిమిషాలు. తొమ్మిదిసార్లు, ప్రతిసారీ సరిగ్గా నాలుగు. ఆ నాలుగు నిమిషాలూ లోహం మోత. పక్కనే యంత్రం ‘భయం’ అని రాసుకుంది.

సరిగ్గా నాలుగు! పిల్లను పట్టించుకోని మనిషి గడియారం చూసుకుని వదిలేస్తుందా? శాంభవి లేచి నిలబడింది.

"జోగారావు గారూ, పంతొమ్మిదో ఇల్లు నేను వెళ్లి చూసొస్తాను."

పర్యవేక్షకుడు తెర మీంచి తలెత్తాడు. "వెళ్లి చూడ్డమా? గోడకి తెలీనిది మీకేం తెలుస్తుందండీ?"

"గోడకి చెవులే కదండీ ఉన్నాయి."

"బానే ఉంది సరదా. పదకొండు దాటింది. పన్నెండుకి బండి."

"అందుకే పరిగెడుతున్నాను."

జగన్నాథపురంలో మూడో అంతస్తు. తలుపు తీసిన నూకరత్నం కళ్లు వాచి ఉన్నాయి. "పొద్దున్నే కబురొచ్చిందండి మేడమ్. పిల్ల బట్టలు సర్దుతున్నాను. ఏం తప్పు చేశానో చెప్పండి, చాలు."

శాంభవి జవాబు చెప్పేలోగా వంటింట్లో పెద్ద చప్పుడయింది. ఏడేళ్ల చిన్మయి చేపల పులుసు గిన్నె దించబోయి నేలపాలు చేసింది. నూకరత్నం దవడలు బిగుసుకున్నాయి. చెయ్యి పైకి లేచింది. లేచిన చెయ్యి పిడికిలై, అలాగే కిందికి దిగింది.

"చిన్మయీ, నాలుగు!" అని అరిచి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

పిల్ల ఏమీ కంగారుపడలేదు. పులుసు మీంచి గెంతి, స్టీలు పళ్లెం తీసుకుని గుమ్మంలో కూర్చుని, గరిటెతో వాయించసాగింది.

"ఎందుకమ్మా కొడుతున్నావు?"

"కింద కుళాయి కాడ అమ్మకి వినపడాలి కదండీ."

"భయమేస్తుందా?"

"పళ్లెం కొట్టడానికి భయమెందుకూ?" చిన్మయి ఆమెను జాలిగా చూసింది. "మోత ఆగితే అమ్మ వచ్చేస్తది."

శాంభవి వంగి పళ్లెం మీద అరచెయ్యి ఆనించింది. మోత ఆగిపోయింది.

మరుక్షణం మెట్ల మీద అడుగుల చప్పుడు. రెండేసి, మూడేసి మెట్లు ఎక్కుతూ, ముఖం మీద నీళ్లు కారుతూ నూకరత్నం గుమ్మంలోకి వచ్చిపడింది. "ఏమైందే తల్లీ? కాలిందా?" పిల్లను ఒళ్లంతా తడిమి చూసింది. ఆ చేతుల్లో కోపం జాడ కూడా లేదు.

శాంభవికి గట్టిగా నవ్వాలనిపించింది. "ఇది నేను నేర్పలేదే నీకు!"

"దూరంగా పొమ్మన్నారు కదండీ. పోతే పిల్ల ఎలాగుందోనని అక్కడ కాలు నిలవదు. ఇద్దరం కలిసి ఇలా అనుకున్నామండి."

పదకొండూ నలభై తొమ్మిది. శాంభవి సంచిలోంచి తెరపలక తీసి తెరిచింది. రంగు మార్చబోతే యంత్రం ఒప్పుకోలేదు. మిగిలిన దారి ఒక్కటే, ఇంతవరకు ఎవరూ తొక్కనిది: పూచీ. ఆర్నెల్లలో ఈ పిల్ల మీద దెబ్బ పడితే పూచీ పడ్డ మనిషి ఉద్యోగం పోతుంది, పేరు దోషుల పట్టీకి ఎక్కుతుంది. ఇదే తీరుగా ఒంటరి నిమిషాల వల్ల ఎరుపు తేలిన తక్కిన ఇళ్ల పిల్లల తరలింపు కూడా మనిషి వెళ్లి చూసేవరకు ఆగిపోతుంది.

విషయం విని నూకరత్నం వెనక్కి జరిగింది. "వద్దండి. మళ్లీ నా చెయ్యి జారితే మీరేమైపోతారు?"

శాంభవికి ఆ వాత మచ్చ కళ్లముందు మెదిలింది.

"జారుతుందనిపిస్తే నాకు ఫోన్ చెయ్యి. ఏ వేళైనా సరే," అని పలక మీద వేలిముద్ర వేసింది.

ఎరుపు పోయింది. వెంటనే ఫోన్ మోగింది.

"ఏం చేశారండీ బాబూ!" జోగారావు గొంతు పైకి పోయింది. "నలభై రెండిళ్లకి రంగు పోయింది! తెరంతా తెల్లగా ఉంది! వాటిలో నిజంగానే గాలికొదిలేసిన పిల్లలుంటే ఎవరు జవాబుదారీ?"

"ఉండొచ్చు సార్. అందుకే ఇవాళే చూడాలి, అన్నీ."

"ఎవరు? మనం ఉన్నదే ఇద్దరం!"

"ఆ ఇద్దరమే."

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. "నేనొకరి తలుపు తట్టి తొమ్మిదేళ్లయిందండీ శాంభవి గారూ," అన్నాడు, గొంతు తగ్గించి. "వెళ్లి ఏమని అడగాలి?"

"ముందు మంచినీళ్లు అడగండి. లోపలికి రమ్మంటారు."

ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది. పిల్లను ఎక్కించుకోవడానికి వచ్చిన బండి వాకిట్లో ఆగి ఉంది. శాంభవి ముందు తలుపు తీసుకుని ఎక్కి కూర్చుని, తెల్లబోయి చూస్తున్న డ్రైవరుకు చూడాల్సిన తర్వాతి ఇంటి చిరునామా చెప్పింది.