దిద్దని గీత

"సబ్‌మెరైన్ ఇంజిన్ డయాగ్రమ్ పోయింది," అన్నాడు చీఫ్. "శబ్దం బయటికి రాకుండా చేసే భాగం. అది శత్రువుకి చేరితే మన సబ్‌మెరైన్ ఎక్కడుందో ఇట్టే పట్టేస్తారు. మీ తమ్ముడు అందులోనే ఉన్నాడు కదూ?"

"ఉన్నాడు సార్," అన్నాడు ఏజెంట్.

గొంతులో వణుకు లేదు. ఆఫీసులో అతని ముద్దుపేరు బండరాయి. పాత మిషన్లలో పోయిన స్నేహితులతోపాటే ఏడుపూ, భయమూ పోయాయి. తమ్ముడి మాట విన్నా గుండె కదల్లేదు.

ఆర్ట్ గ్యాలరీలో ఎగ్జిబిషన్. సైన్స్ డయాగ్రమ్‌లను అందమైన పెయింటింగులుగా మార్చే ఆర్టిస్ట్. పైకి శత్రువుల మనిషి, లోపల మన డబుల్ ఏజెంట్. బొమ్మలన్నీ శత్రుదేశపు రాయబారి కొన్నాడు కాబట్టి చట్టప్రకారం ఆపలేం. పోయిన డయాగ్రమ్ ఏ బొమ్మలో దాగుందో ఆవిడే చూపిస్తుంది. బొమ్మలు తీసుకెళ్లే వ్యాన్ కదిలేలోగా దాన్ని చెరిపెయ్యాలి. బండరాయి చేతి వాచీలో రంగు కరిగించే స్ప్రే ఉంది, ఒక్క బొమ్మకి సరిపడా.

ఫ్రేములు బిగించేవాడి వేషంలో లోపలికెళ్లాడు.

"నీడ ఎటు పడింది?" అన్నాడు. కోడ్ వర్డ్.

"గోడవైపు," అంది ఎర్ర గౌనులో ఆర్టిస్ట్, మెరుపులా నవ్వి. "అదిగో, ఆ నీలం తామర."

వాచీ మీట మీద వేలు పెట్టి ఆగాడు. తామర మరీ బావుంది. చుట్టూ ఉన్న బొమ్మల్లో ఆవిరి యంత్రం, గుండె, ఆకు ఈనెలు, ప్రతిదాన్నీ ఆవిడ అందం కోసం సాగదీసి దిద్దింది. ఆ చివరి బొమ్మలో, నెమలి తోకలో మాత్రం ఒక గొట్టం అసహ్యంగా మెలితిరిగి వెనక్కొచ్చింది.

బయట హారన్. కూలీలు నెమలిని దించి గుమ్మం వైపు మోస్తున్నారు.

"ఆ గొట్టం దిద్దలేదేం?"

ఆవిడ నవ్వు ఆగింది. "మర్చిపోయాను."

"మీరా! దిద్దితే ఇంజిన్ పనిచెయ్యదు. అందుకని వదిలేశారు. తామర నాకు వేసిన ఎర."

గుమ్మంలోనే స్ప్రే కొట్టాడు. నెమలి కారిపోయింది.

"అయ్యో, అంత బాగా వచ్చిందే!" అంది ఆవిడ. ప్రాణం పోయినంత పనైంది ఆవిడకి. సందర్శకుల్లో కలిసి ఉన్న మనవాళ్లు ఆవిడని పక్కకి తీసుకెళ్లారు.

తమ్ముడు బతికాడు. సంతోషం వస్తుందేమోనని బండరాయి కాసేపు నిలబడి చూశాడు. రాలేదు. మేకులు సర్దుకుని ఇంటికెళ్లాడు.

కారిపోయిన బొమ్మని రాయబారి వద్దని వదిలేశాడు. గ్యాలరీవాళ్లు ఎందుకు పోగొట్టుకోవాలని మళ్లీ గోడకి తగిలించారు. వారం తిరక్కుండానే చీఫ్ ఫోన్.

"పేపర్ చూశావా? 'మిగతావన్నీ ఉత్త పనితనం. ఈ కరిగిన నెమలి మాత్రం, గుండె నిండా దుఃఖం ఉన్న చెయ్యి వేసింది' అని రాశాడోయ్ విమర్శకుడు! నీ గురించే!"

"సరే సార్," అన్నాడు బండరాయి. "స్ప్రే అయిపోయింది. ఇంకోటి పంపించండి."