బావగారి బండికి గాలి పట్టింది

మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ మలుపు మంచిది కాదని ఆ పేటలో అందరికీ తెలుసు. రాత్రి ఎనిమిదింబావుకి అక్కడ ఎవరో మూలుగుతారు. చూసినవాళ్లు లేరు, విన్నవాళ్లే అంతా. ఎలా చూస్తారు... ఎనిమిదయ్యేసరికి కిటికీలన్నీ బిగించుకుని కూర్చుంటే!

ఆరేళ్ల కిందట మొదలైనప్పుడు, ఫ్యాక్టరీలో మంచు దిమ్మ మీదపడి పోయిన కూలీ అన్నారు. కిందటేడు ఆ మలుపులో ఉండే పెద్దమనిషి ఒకాయన గుండె ఆగి పోయారు. చిత్రంగా మూడు నెలలపాటు మూలుగు కూడా ఆగింది. నాలుగో నెల మళ్లీ మొదలైంది. ఇంకేముంది — పాత దెయ్యం వెళ్లిపోయి ఆ స్థానంలో కొత్తది చేరిందని పేటంతా తీర్మానించేసింది.

ఆ పోయిన పెద్దమనిషికి స్వయానా బావమరిది మన గడియారాలాయన.

బజార్లో చిన్న కొట్టు. పాత గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని, మూత తీయకుండానే లోపల ఏ చక్రానికి పన్ను అరిగిందో చెప్పేస్తాడు. అంత చెవి ఉన్న మనిషికి దెయ్యాలంటే చచ్చేంత భయం. భయపడేవాడు నోరు మూసుకుని ఊరుకోవచ్చు కదా... ఊరుకోడు. కొట్టుకొచ్చిన ప్రతివాళ్లకీ చిలవలు పలవలు చేర్చి ఆ మూలుగు కథ చెప్పి పంపేవాడు.

అసలు గొడవంతా బావగారి కారుతో వచ్చింది. పొడుగాటి ముక్కు, పళ్లెమంత స్టీరింగు, వయసులో గడియారాలాయనకంటే రెండేళ్లు చిన్న. బతికున్నన్నాళ్లూ బావగారు దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. "స్టీరింగు మీద చెయ్యేశావో, వేళ్లు విరిచేస్తా" అని బావమరిదిని నవ్వుతూనే బెదిరించేవారు.

ఆయన పోయిన మూడు నెలలకి అక్క తాళాలు తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది.

"ఊరికే ఉంటే తుప్పు పట్టిపోతుందిరా. నువ్వు తిప్పు. అమ్మకు మాత్రం... ఆ ఒక్కటే అడుగుతున్నా."

అమ్మనని మాటిచ్చాడు.

పొద్దున కొట్టుకి వెళ్లేది తిన్నటి రోడ్డు. అది వన్‌వే కాబట్టి రాత్రి ఇంటికి ఐసు ఫ్యాక్టరీ మీదుగానే రావాలి. అసలే ఇరుకు మలుపు, దానికి తోడు రోడ్డులోకి పొడుచుకొచ్చిన కరెంటు స్తంభం. స్టీరింగు చివరికంటా తిప్పితే తప్ప బండి మళ్లదు.

బండి తీసిన మొదటి రాత్రే అది జరిగింది.

తిప్పాడు... స్టీరింగు బిగుసుకుంది. అటువైపు నుంచి ఎవరో పట్టుకుని గుంజుతున్నట్టు.

బలం పెట్టి ఇంకాస్త తిప్పాడు... బండి లోపల్నుంచే — ఊఁ... ఊఁఊఁ...

అచ్చం బావగారి గొంతు!

ఆ వెంటనే, మలుపు పక్కనున్న అక్క ఇంటి వరండాలో దీపం వెలిగింది. దానంతటదే.

గడియారాలాయన ఆగలేదు. ఆ రాత్రే కాదు, తర్వాత ఏ రాత్రీ అక్క ఇంటి ముందు ఆగలేదు. ఆ దెయ్యం మలుపులో బండెక్కేది, మలుపు దాటగానే దిగిపోయేది. రోజూ మూలుగు... రోజూ దీపం... ఇల్లు చేరేసరికి చొక్కా తడిసి ముద్దయ్యేది.

"ఏమండీ, కారు మీ చేతికి రావడం మీ బావగారికి ఇష్టం లేదు" అంది భార్య. "ఆదివారంలోగా దాన్ని పాత ఇనుముకి పడేయండి. లేకపోతే నేను మా అమ్మగారింటికి పోతాను."

అటు అక్కకిచ్చిన మాట, ఇటు భార్య. దిక్కుతోచక బావగారి పాత మెకానిక్కుకి ఫోన్ చేశాడు. పది మాటలు కావలసిన చోట రెండు మాటలతో సరిపెట్టే మనిషి అతను. గడియారాలాయన గుంజడం, మూలగడం అన్నీ గుసగుసగా చెప్పాడు. పక్కనే భార్య చెవి ఒగ్గి వింటోంది.

అవతల మెకానిక్కు తేల్చేశాడు.

"గాలి పట్టిందండీ."

గడియారాలాయన ఫోన్‌ని చెవికి ఇంకాస్త నొక్కుకున్నాడు. "నిజంగానా?"

"లక్షణాలన్నీ అవే. వదిలించాలి."

"ఎవరు... వదిలిస్తారు?"

"నేనే. చాలావాటికి వదిలించాను. రేపు తీసుకురండి. రెండు సీసాలు నూనె కూడా. ఎర్రది."

"ఎర్రదే... ఎందుకు?"

"అదే తాగుతుంది."

ఫోన్ పెట్టేశాడు. భార్య అప్పటికే పెట్టెలో చీరలు సర్దుకుంటోంది.

మర్నాడు షెడ్డులో మెకానిక్కు సీసా మూత తీసి వాసన చూశాడు.

"ఇది తలకి రాసుకునేది కదండీ."

"ఎర్రదన్నావుగా..."

"దీనికేమన్నా జుట్టు మొలిపించాలా?"

తన డబ్బా తనే తెచ్చుకుని బానెట్ ఎత్తాడు. లోపల పవర్ స్టీరింగు నూనె పోసే గ్లాసంత ట్యాంకు. మూత తీస్తే ఎర్ర నూనె నిండా నురగ.

"చూడండి. గొట్టం క్లిప్పు వదులైంది. అక్కణ్నుంచి గాలి పీల్చుకుంటోంది. స్టీరింగు చివరికంటా తిప్పినప్పుడు పంపుకి నూనె అందదు. మూలుగుతుంది."

"గాలంటే... ఉత్త గాలేనా?"

"మరి మీరేమనుకున్నారు?"

గడియారాలాయన ఏమీ అనుకోలేదన్నాడు.

క్లిప్పు బిగించి, జాకీలతో ముందు చక్రాలు లేపాడు మెకానిక్కు. ఇంజను ఆపేసే ఉంచి, ఈ చివర్నుంచి ఆ చివరికి స్టీరింగు తిప్పమన్నాడు. ఇరవైసార్లు. తిప్పుతున్నకొద్దీ ట్యాంకులో బుడుక్ బుడుక్‌మని బుడగలు తేలి పగిలాయి. నూనె దిగినప్పుడల్లా మళ్లీ పోశాడు. ఆఖరికి బుడగలు ఆగిపోయాయి. స్టార్ట్ చేసి తిప్పితే స్టీరింగు ఒక్క వేలితో తిరిగింది. చప్పుడన్నదే లేదు.

"కొత్త జబ్బేం కాదండీ" అన్నాడు మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ. "ఆరేళ్ల నాటిది. బిగిస్తానంటే మీ బావగారే వద్దన్నారు. తగ్గిన నూనె పోయించుకుని పోయేవారు. ఎందుకో చెప్పలేదు."

ఆరేళ్లు... ఆగిన ఆ మూడు నెలలూ కారు కదలనేలేదు...

అంటే, పేటంతటి చేత కిటికీలు మూయించింది ముందు బావగారు, తర్వాత తనూ! గడియారాలాయన దారి పొడుగునా నవ్వుకున్నాడు. ఆ రాత్రి బండి మలుపు చల్లగా దాటింది. మూలుగు లేదు. దీపమూ వెలగలేదు. భార్య చీరలు మళ్లీ బీరువాలోకెక్కాయి.

నాలుగో రోజు అక్క ఫోన్ చేసింది.

"ఏరా, ఒంట్లో బాలేదా? మూడ్రోజులుగా నీ చప్పుడే లేదు."

"నా చప్పుడేంటక్కా?"

"మలుపులో బండి మూలుగుతుంది కదరా. మీ బావ హారన్ కొట్టేవారు కాదు. ఆ మూలుగు వినపడితే నేను లైటేసి గేటు తీసేదాన్ని. బాగు చేయించమంటే, 'నేనొచ్చానని నీకు తెలియద్దూ' అనేవారు. నువ్వు తిప్పడం మొదలెట్టాక మళ్లీ వినపడింది. వస్తున్నావనుకుని రోజూ లైటేసి గేటు తీస్తున్నా. నువ్వేమో ఎవరో తరుముతున్నట్టు వెళ్లిపోతావు... పోన్లే, పనులుంటాయి."

గడియారాలాయన ఫోన్ కింద పెట్టాడు. ఇన్నాళ్లూ తను పారిపోయింది ఆ దీపాన్ని చూసి! సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. కొట్టు వదిలేసి తిన్నగా షెడ్డుకి పరిగెత్తాడు.

"ఆ గాలి మళ్లీ పట్టించగలవా?"

మెకానిక్కు ఎగాదిగా చూశాడు. "పంపు పోతుందండీ."

"కొంచెమే..."

"కొంచెమైనా పోతుందండీ."

ఆ రాత్రి ఎనిమిదింబావు. మలుపు దగ్గర బండి మెల్లగా ఆగింది. మూడ్రోజులుగా దెయ్యం అలికిడి లేదని ధైర్యం చేసి, అన్ని ఇళ్లవాళ్లూ కిటికీలు బార్లా తెరుచుకున్నారు.

గడియారాలాయన అటూ ఇటూ చూశాడు. అద్దం దించాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఊఁ... ఊఁఊఁ..."

ఎదురింటి కిటికీ దభాలున మూసుకుంది. ఆ పక్కది... ఆ పైది...

వరండాలో దీపం వెలిగింది. అక్క గబగబా వచ్చి గేటు బార్లా తీసింది. కళ్లొత్తుకుంటూనే నవ్వింది.

"ఏంట్రా, బండికి జలుబు చేసిందా? రా, లోపలికి రా."