వలెన్సియాలో నాలుగు గదులు

శనివారం పొద్దున నాగమల్లేశ్వరి పెసరట్టు వేస్తూ ఒక కన్ను ఫోన్ మీదే ఉంచింది. పదింటికి స్పెయిన్ నుంచి కాల్ రావాలి. భర్త శేషగిరి టేబుల్ దగ్గర కూర్చుని, మొదటి అట్టు నుంచీ కూతురి గురించి ఒకటే పాట పాడుతున్నాడు.

"హాసినికి ముందే చెప్పేస్తే ఒక పనైపోయేది కదే!"

"చెప్తాను. కాల్ అయ్యాక."

"అయ్యాక చెప్తే ఊరుకుంటుందా అది?"

"ముందు చెప్తే కాల్ అవనిస్తుందా?"

శేషగిరి ఇంకో అట్టు పళ్ళెంలో వేయించుకున్నాడు. అల్లం పచ్చడి గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

మల్లేశ్వరికి అరవై మూడేళ్ళు. అమెరికాలో వాళ్ళుండే ప్లెయిన్స్‌బరో దగ్గరే ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో ఇరవై ఆరేళ్ళు పనిచేసి మార్చిలో రిటైరైంది. మూడేళ్ళ క్రితం ఆఫీసు పని మీద స్పెయిన్‌లోని వలెన్సియా వెళ్ళి, ఆ పాత ఊరి సందుల్లో దారి తప్పింది. తప్పిన దారే ఆమెకు నచ్చింది. మొన్న వసంతంలో భర్తను కూడా లాక్కెళ్ళి ఒక ఫ్లాట్ చూపించింది. మూడో అంతస్తు, లిఫ్టుంది. నాలుగు పెద్ద గదులు, మెడ నొప్పి పుట్టేంత ఎత్తున పైకప్పు, నేల మీద పూల పలకలు, బాల్కనీ కింద చిన్న కూడలి. అప్పటి నుంచి పట్టిన పట్టు విడవలేదు. ఈ ఇల్లు అమ్మి ఆ ఇల్లు కొనాలి, అక్కడే ఉండాలి. కాగితాలన్నీ సిద్ధమయ్యాయి. ఇక మిగిలింది ఇల్లు అమ్మే పెద్దావిడ మాట. కొంటామన్నవాళ్ళు ఇద్దరున్నారు కాబట్టి, ఎవరికివ్వాలో మాట్లాడి తేల్చుకుంటానందట ఆవిడ. బ్రోకర్ మధ్యలో ఉండి ఇంగ్లీషులో చెప్తానన్నాడు.

పదింటికి ఇంకా పది నిమిషాలుందనగా తలుపు తోసుకుని హాసిని వచ్చింది. చేతిలో తను కొనాలనుకుంటున్న కొత్త ఇంటి ప్లాన్ కాగితం.

"అమ్మా! ఆఫర్ యాక్సెప్ట్ చేశారు! చూడు, గ్రౌండ్ ఫ్లోర్‌లో బెడ్‌రూమ్, ఫుల్ బాత్. నీకు, నాన్నకి. రియల్టర్‌ని ఫస్ట్ అదే అడిగాను. ఇంక మీ మనవరాలు వేదని డేకేర్ కూడా మాన్పించేయొచ్చు."

అమెరికాలో తెలుగువాళ్ళు ఇల్లు వెతికేటప్పుడు వంటగది కంటే ముందు అడిగేది ఇదే, అమ్మానాన్నలకి కింద గది ఉందా అని. రియల్టర్‌ని అడుగుతారు, స్నేహితులని అడుగుతారు. ఆ గదిలో ఉండవలసినవాళ్ళని మాత్రం అడగరు.

మల్లేశ్వరి స్టవ్ కట్టేసింది.

"హాసినీ, మేం ఈ ఇల్లు అమ్మేస్తున్నాం."

"అదే కదా నేనూ చెప్పేది!"

"అమ్మి, వలెన్సియాలో ఫ్లాట్ కొంటున్నాం."

"వెకేషన్ హోమా?"

"కాదు. ఉండడానికి."

హాసిని తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, నువ్వు కూడా ఓకే అన్నావా?"

"అక్కడ వంకాయలు బావుంటాయమ్మా," అన్నాడు శేషగిరి, పచ్చడి గిన్నెలోకి చూస్తూ.

"జోక్స్ వద్దు నాన్నా! అమ్మా, లాంగ్వేజ్ రాదు, మనవాళ్ళు లేరు. పడితే ఎవరు చూస్తారు? మీ ఇద్దరికీ నాలుగు రూమ్‌లు ఎందుకు? నేను మీ కోసం ఊరంతా వెతికి ఇల్లు తీసుకుంటే..." ఆమె ప్లాన్ కాగితం మడిచేసింది. "అంటే, మేం అక్కర్లేదా నీకు?"

ఆ మాట మల్లేశ్వరికి సూదిలా దిగింది. జవాబు చెప్పేలోగా ఫోన్ మోగింది. ముందు బ్రోకర్ మెసేజ్ కనిపించింది. అతను ఎక్కడో చిక్కుకుపోయాడు, పెద్దావిడే నేరుగా ఫోన్ చేస్తోంది.

మల్లేశ్వరి ఏడాదిగా ఫోన్‌లో స్పానిష్ నేర్చుకుంటోంది. నమస్కారం దాకా బాగానే సాగింది. ఆ తర్వాత అవతలి నుంచి మాటలు వరదలా వచ్చిపడ్డాయి. పదింట్లో ఒకటి అందింది.

హాసినికి స్పానిష్ బాగా వచ్చు. హైస్కూల్లో నాలుగేళ్ళు, కాలేజీలో రెండేళ్ళు చదివింది. మల్లేశ్వరి ఫోన్ స్పీకర్‌లో పెట్టి కూతురి ముందుకి జరిపింది.

"నువ్వు మాట్లాడు."

"నేనా? నేనెందుకు?"

"నీకు వచ్చు కాబట్టి."

శేషగిరి కళ్ళు పెద్దవి చేశాడు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టుంది అతనికి. హాసిని ఒక్క మాట అటూ ఇటూ చేస్తే ఇల్లు పోతుంది, పోయినట్టు కూడా తమకి తెలియదు. మల్లేశ్వరికీ ఆ భయం ఉంది. అయినా ఫోన్ వెనక్కి తీసుకోలేదు.

హాసిని కాసేపు విని, ముభావంగా చెప్పింది. "రెండో పార్టీ టూరిస్ట్‌లకి రెంట్‌కి ఇచ్చుకుంటారట. అంత పెద్ద ఇల్లు నీకెందుకని అడుగుతోంది."

మల్లేశ్వరి ఫోన్ వైపు చూడలేదు, కూతురి వైపే చూసింది.

"చెప్పు. మేం ఈ దేశం వచ్చినప్పుడు మాది రెండు గదుల అపార్ట్‌మెంట్. ఇండియా నుంచి ఎవరు దిగినా మా ఇంట్లోనే దిగేవాళ్ళు. మా తమ్ముడు, మీ నాన్న మేనల్లుళ్ళు, వాళ్ళ ఫ్రెండ్స్. వచ్చిన ప్రతివాళ్ళకీ నా మంచం ఇచ్చి హాల్లో పడుకున్నాను. ఈ ఇల్లు కొన్నాక ఒక గది నీకు, ఒకటి మీ బామ్మకి. ఇష్టంగానే ఇచ్చాను, ఎవరి మీదా కోపం లేదు. కానీ ముప్ఫై ఏళ్ళలో తలుపేసుకుని కూర్చునే గది నాకంటూ ఒక్కటి లేదు. రేపు నీ ఇంట్లో కింద గది కూడా నువ్విచ్చిందే అవుతుంది. అక్కడ ఒక గది నాది. ఒకటి మీ నాన్నది, గురక ఎంతైనా పెట్టుకోవచ్చు. మిగిలిన రెండూ నీకూ వేదకీ. మీరొస్తే నేను లేచి మంచం ఇవ్వక్కర్లేదు. నువ్వు అక్కర్లేకపోతే రెండు గదులే కొనేదాన్ని కదే!"

ఫోన్‌లో పెద్దావిడ "ఓలా? ఓలా?" అని పిలుస్తోంది.

చివరికి హాసిని మొదలుపెట్టింది. మల్లేశ్వరికి "మా అమ్మ" అన్న మాట అర్థమైంది, "మంచం" అర్థమైంది. సగంలో హాసిని ఆగిపోయి, చేత్తో నోరు మూసుకుంది.

"నేను రాత్రి నీళ్ళకి లేచినప్పుడు నువ్వు కార్పెట్ మీద ఉండేదానివి," అంది తెలుగులో. "నీకు హాల్లో పడుకోవడం ఇష్టమనుకున్నానమ్మా."

శేషగిరి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. హాసిని ముక్కు ఎగబీల్చి, మిగిలిందంతా ఆగకుండా చెప్పేసింది. తర్వాత పెద్దావిడ నెమ్మదిగా ఏదో అంది. హాసిని తిరిగి ఏదో అడిగింది, ఆవిడ నవ్వుతూ జవాబిచ్చి పెట్టేసింది.

"ఏమంది?" మల్లేశ్వరి కూతురి చెయ్యి పట్టుకుంది.

"ఇల్లు నీకే ఇస్తానంది. ఎప్పుడొస్తావని అడిగింది."

"మరి నువ్వేదో అడిగావు?"

"ఏ రూమ్‌కి బాగా వెలుతురొస్తుందని. బాల్కనీ పక్కదట." హాసిని తల్లి భుజం మీద తల పెట్టింది. "అది నువ్వు తీసుకో. నాకూ వేదకీ ఏదైనా ఓకే."

"నాకెందుకమ్మా, నువ్వే తీసుకో" అన్న మాట అలవాటుగా నోటిదాకా వచ్చింది. మల్లేశ్వరి దాన్ని మింగేసి, కూతురి తల నిమిరింది.

"సరే," అంది. "అది నాదే."