కనపడని కణాలు

చిక్కడపల్లి సందులో రెండో అంతస్తులో ఉన్న ఆ ఆఫీసుకు మెట్లెక్కి వచ్చినవాళ్ళు సాధారణంగా ముందు ఆయాసం తీర్చుకుంటారు. ఆ ఉదయం వచ్చిన అమ్మాయి మాత్రం కుర్చీలో కూర్చోకముందే, "నేను దొంగతనం చెయ్యలే సార్" అంది.

ప్రైవేట్ డిటెక్టివ్ జగదీశ్వర్ చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టాడు. అసిస్టెంట్ సంధ్య మంచినీళ్ళ గ్లాసు అందించింది. గ్రూప్స్ పరీక్షలకని ఊరి నుంచి అశోక్‌నగర్ హాస్టల్‌కు వచ్చి, రెండుసార్లు తప్పి, ఈ పనిలో చేరిన పిల్ల సంధ్య. భయంతో వచ్చినవాళ్ళను చూడటం ఆమెకు అలవాటే. ఈ అమ్మాయి నీళ్ళు తాగలేదు. గ్లాసును రెండు చేతులతో పట్టుకుని అలాగే కూర్చుంది.

పేరు రాగిణి. కవాడిగూడలో తల్లిదండ్రుల దగ్గర ఉంటూ, నారాయణగూడలోని ఒక చిన్న ప్రైవేట్ పరిశోధన సంస్థలో డాక్టరేట్ కోసం ఎలుకల మీద పని చేస్తోంది.

"జర నాకు సమజయ్యేటట్టు చెప్పమ్మా" అన్నాడు జగదీశ్వర్.

"ఒంట్ల రోగంతోని కొట్లాడే టీ కణాలని ఉంటయి సార్. ఒక్కోసారి అవే దారి తప్పి సొంత ఒంటిని కొడ్తయి. కీళ్ళవాతం ఉన్న ఎలుకల్లో తప్పు వాటిదేనా, కాదా అని మా పని. వాటిని తీసేసి చూస్తం. శుద్ధి చేసిన యాంటీబాడీ సూదితో ఇస్తే అది పోయి టీ కణానికి అతుక్కుంటది, కణం చచ్చిపోతది. తర్వాత ఎలుక రక్తంల రంగు అంటించిన యాంటీబాడీ కలిపి మిషన్‌ల చూస్తం. ఇంకా టీ కణాలు మిగిలి ఉంటే మెరుస్తయి."

"మెరిసినయా?"

"రెండేళ్ళ సంది ఒక్కటి మెరవలే. అయినా ఎలుకల కాళ్ళ వాపు తగ్గలే. అంటే ఈ రోగానికి టీ కణాలు కారణం కాదన్నట్టు. అదే మా సార్ కనిపెట్టిన కొత్త సంగతి. మందుల కంపెనీ ఒకటి ఒప్పందానికొస్తున్నది. గిప్పుడు కొత్త గుంపు ఎలుకల రక్తం చూస్తే, అన్నీ మెరిసినయి."

డైరెక్టర్ రామచంద్రరావు ఆమె మాట వినలేదు. ఎలుకలకు ఉత్త ఉప్పునీళ్ళు ఎక్కించి, ఖరీదైన యాంటీబాడీని బయట అమ్ముకుందని నింద వేశాడు. ఒప్పుకోకపోతే పోలీసులకు చెబుతానన్నాడు.

జగదీశ్వర్ కుర్చీ ముందుకు జరిపాడు. "సూదిల ఇచ్చేది కణానికి అతుక్కుంటదన్నవ్. రంగుది గూడ అతుక్కుంటది. రెండూ ఒక్క చోటనేనా?"

"లేదు సార్. రంగుది వేరే రకం, బయట కొన్నది. అది వేరే చోట పట్టుకుంటది."

"నువ్వు చూసినవా కొన్నది?"

రాగిణి తడబడింది. "సార్ చెప్పిన్రు."

ఆ మధ్యాహ్నం ముగ్గురూ నారాయణగూడ వెళ్ళారు. రామచంద్రరావు వాళ్ళను ఆపలేదు. "వెతుక్కోండి. దాచడానికి నా దగ్గర ఏమీ లేదు" అన్నాడు చిరునవ్వుతో. మర్యాదగల మనిషి.

ఫ్రిజ్‌లోంచి రంగు యాంటీబాడీ ఉన్న చిన్న సీసాను రాగిణి తీసి చూపించింది. సంధ్య దాన్ని వెలుతురుకు పట్టుకుంది. లేబుల్ మీద అక్షరాలు తడికి అలుక్కుపోయాయి, అంచులు నలిగాయి. సీసాకు మాత్రం ఒక గీత కూడా లేదు.

"పాత లేబుల్, కొత్త సీసా సార్" అంది మెల్లగా.

జగదీశ్వర్ తలూపాడు. రాగిణితో, "పాత గుంపు ఎలుకలున్నయా? టీ కణాలు లేవని తేలినయి?" అనడిగాడు.

ఉన్నాయి. పోయిన వారమే చూస్తే ఒక్క కణం కనపడలేదు. ఉబ్బిన కాళ్ళతో, పంజరంలోని గడ్డి మీద అడుగు వెయ్యలేక ఒక మూలకు ఒదిగి ఉన్నాయి. రాగిణి చెయ్యి పెడితే బెదరకుండా అరచేతిలోకి ఎక్కాయి. ఆమె ఒకదాని నుంచి రక్తపు చుక్క తీసి, ఆ సీసాలోని రంగు యాంటీబాడీ కలిపి మిషన్‌లో పెట్టింది. తెర నిండా చుక్కలు మెరిశాయి.

"లేవు గదా ఇవి. పోయిన వారం లేవు గదా" అంటూ రాగిణి కుర్చీలో కూలబడింది.

యాంటీబాడీలు శుద్ధి చేసే క్రాంతికుమార్ అంతసేపూ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. జగదీశ్వర్ అతనివైపు తిరిగాడు.

"ఈమె ఎలుకలకు నీళ్ళు ఎక్కించిందంటున్నరు. నిజమేనా తమ్మీ?"

"కాదన్నా. ఆమె చెయ్యలే."

"అంత గట్టిగ ఎట్ల చెప్తున్నవ్?"

క్రాంతికుమార్ గుమ్మం వదిలి తన గదిలోకి వెళ్ళిపోయాడు.

మర్నాడు అందరూ మీటింగ్ గదిలో చేరారు. జగదీశ్వర్ జేబులోంచి చేతిరుమాలు తీసి ఒక ఖాళీ కుర్చీలో వేశాడు.

"రావుగారూ, బస్సుల సీటు మీద ఎవరో దస్తీ వేసి పెడ్తరు. తర్వాత వచ్చినోళ్ళు దాన్ని చూసి వెనక్కి పోతరు. కూర్చున్నోళ్ళను మాత్రమే లెక్కపెడితే ఈ కుర్చీ లెక్కలకు రాదు. అట్లని కుర్చీ లేదంటరా?"

జగదీశ్వర్ ఆ కుర్చీ వైపు వేలు చూపించాడు.

"మీ సూదిమందు టీ కణాలను చంపలే. ఊరికే వాటి మీద కూసున్నది, ఈ దస్తీ లెక్క. తర్వాత రంగు అంటించి పంపింది గూడ అదే యాంటీబాడీ. దానికి అదే సీటు కావాలె. సీటు దొరకలే, కణం మెరవలే. కణాలు లేవని మీరు లోకానికి చెప్పిన్రు. అవి అక్కడ్నే ఉన్నయి, ఎలుకల కాళ్ళు కొరుక్కుతింటున్నయి. ఇప్పుడు వేరే చోట పట్టుకునే రకాన్ని ఎవరో తెచ్చి, సీసాకు పాత లేబుల్ అంటించిన్రు. అందుకే పోయిన వారం లేని కణాలు నిన్న అదే ఎలుకల కనపడ్డయి. రాగిణి ఏ తప్పూ చెయ్యలేదనడానికి అదే సాక్ష్యం. ఆమె దొంగ కాదని ఆ సీసా మార్చిన మనిషికి ముందే ఎరుక."

"నేనే మార్చిన" అన్నాడు క్రాంతికుమార్. "మొదటి దానికి రంగు అంటించింది గూడ నేనే. ఒకటే రకం వాడుతున్నం, లెక్క తప్పయితదని సార్‌కు అప్పుడే చెప్పిన. తర్వాత చూద్దామన్నరు. అంతల పరిశోధన పేపర్ అచ్చయింది. ఏడాదికోసారి నా ఉద్యోగం పొడిగించాల్సింది ఆయనే, ఇంకేం మాట్లాడ్త? రాగిణి కళ్ళతోని చూస్తే నిజం దానంతటది బయటపడుతదనుకున్న. ఆమె మీదికే వస్తదనుకోలే."

రాగిణి డైరెక్టర్‌వైపు చూసింది. "వేరే రకమని మీరే గద సార్ చెప్పింది?"

రామచంద్రరావు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నీ మీద ఫిర్యాదు ఉండదమ్మా. దొంగతనం జరగలేదని నేనే రాసిస్తాను. క్రాంతి ల్యాబ్ సీసా మార్చినట్టు ఒప్పుకున్నాడు కాబట్టి అతను వెళ్ళిపోవాలి. అతను చెయ్యిపెట్టిన లెక్కలను ఎవరూ నమ్మరు. ఇక పాత ఎలుకల పని అయిపోయింది. వాటిని ఈ రోజే ముగించేద్దాం. కంపెనీవాళ్ళు వచ్చేసరికి ఆ గది ఖాళీ చెయ్యాలి."

అంత నెమ్మదిగా చెప్పడంతో, అతను ఏం చేస్తున్నాడో సంధ్యకు ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక జగదీశ్వర్ వైపు తిరిగింది. "సార్, ఆ ఎలుకలు పోతే చూపించనీకి ఇంకేం ఉండదు. ఆపలేమా?"

"పని అయిపోయిన ఎలుకలను చంపే హక్కు ఆయనకున్నది" అన్నాడు జగదీశ్వర్. కుర్చీ మీది దస్తీ తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అబద్ధానికి మనం ఏ స్టేషన్ల కేసు పెడ్తం బిడ్డా? రాగిణి తను దొంగ కాదని తేల్చమన్నది, తేల్చిన. నాతోని అయ్యేది అంతే."

"సార్, నా రెండేండ్ల పని మొత్తం ఆ లెక్క మీదనే ఉన్నది" అంది రాగిణి డైరెక్టర్‌తో. "ఇప్పుడు నేనేం రాయాలె?"

ఆయన ముందున్న కాగితాలు సర్దుకున్నాడు. కాసేపటికి ఆమే లేచి, "వేరేవాళ్ళు పట్టుకుంటే బెదుర్తయి. నేనే చేస్త" అని ఎలుకల గది వైపు నడిచింది.

సంధ్య ఆమె బ్యాగు పట్టుకుని బయట నిలబడింది. తలుపు చాలాసేపటికి తెరుచుకుంది. రాగిణి చేతులు కడుక్కుని, తుడుచుకోవడం మర్చిపోయి వచ్చింది. ఇద్దరూ నారాయణగూడ చౌరస్తా దాకా నడిచారు. అక్కడ రాగిణి ఫోను మోగింది.

"తేలిందమ్మా" అంది రాగిణి. "నేను చెయ్యలేదని తేలింది."

ట్రాఫిక్ రొదలో కూడా ఆ తల్లి గొంతులోని సంతోషం సంధ్యకు వినపడింది. "ఇంకేంది బిడ్డా, మా పానం కుదుటపడ్డది. రేపటి సంది నీ చదువు నువ్వు మంచిగ చేస్కో. ఆగు, నాయినకు చెప్పొస్త."

రాగిణి "ఊఁ" అంది. తల్లి తిరిగి వచ్చేదాకా ఫోను చెవికి పెట్టుకుని అక్కడే నిలబడింది.