పసుపు పూసిన పుస్తకం

హారతి పళ్ళెం ఇంకా చేతిలో ఉండగానే సుభాషిణికి గాజువాక నుంచి, ఇంట్లో శ్వాసయంత్రం మీద ఉన్న అక్క అరుంధతి ఫోను వచ్చింది.

"ఏటే, గాలి సరిగ్గా రావట్లేదే."

విశాఖలోని శ్వాసజాల కేంద్రంలో ఏటా ఆయుధపూజనాడు పీటమీద ఒకే ఒక పుస్తకం పెట్టి, పసుపు రాసి, దండం పెట్టుకుంటారు. పెద్ద పెద్ద కంప్యూటర్ వ్యవస్థలను ఎలా రూపొందించాలో చెప్పే పుస్తకం అది. ఎవరూ చదవరు. చెవి వెనక జవాబుగింజ అనే చిన్న యంత్రం అమర్చుకున్నాక, అడిగినదానికి జవాబు తలలోనే మెదులుతుంది. ఊళ్ళో రోగుల ఇళ్ళలోని శ్వాసయంత్రాలు ఎంత గాలి ఇవ్వాలో క్షణక్షణం ఈ జాలాన్ని అడుగుతాయి. దానికి ప్రధాన రూపశిల్పి అయిన సుభాషిణి కూడా గింజతోనే ఆ పదవికి వచ్చింది.

"ఏ భాగం చెడింది?" అని గింజను అడిగింది. ఏదీ చెడలేదంది. మళ్ళీ అడిగింది. అన్నీ ఆరోగ్యంగా ఉన్నాయంది.

"ఇంకేం అడగాలండీ దీన్ని?" అన్నాడు పక్కనున్న ఇంజనీరు ప్రసన్న. అది ఎవరికీ తెలియదు.

"ఉద్యోగంలో చేరినప్పుడు నే కొనిచ్చిన పుస్తకం ఉంది కదే," అక్క రొప్పుతూ అంది. "పూజలేనా, ఎప్పుడైనా ఇప్పేవా?"

సుభాషిణి పీటమీది ఆ పుస్తకాన్నే అందుకుంది. రెండు వాక్యాలు చదివేసరికి మనసు ఆగిపోయి, మిగతాది గింజ చెబుతుందని ఎదురుచూసేది. మళ్ళీ మొదటి వాక్యం. చివరికి వేలు పెట్టి, ఒకటో తరగతి పిల్లలా పైకి చదవసాగింది.

"చదువుతున్నావేటే?"

"చదువుతున్నానక్కా."

"పరీక్షలప్పుడూ అంతే నువ్వు. ఆఖర్న..." దగ్గు తెర మాటను మింగేసింది.

పేజీలు తిప్పాక కారణం దొరికింది. జవాబు ఆలస్యమైన యంత్రం మళ్ళీ అడుగుతుంది. అన్నీ అలా అడుగుతూ పోతే, ఏ భాగమూ చెడకుండానే జాలం నిలిచిపోతుంది. కాసేపు అన్ని యంత్రాలచేతా అడగడం మాన్పించి, విడతలుగా రానివ్వాలి.

"యంత్రాలు అడగడం ఆపించండి ప్రసన్నా. తర్వాత ఒక్కో వీధినే వదలండి."

తెరమీద దీపాలు ఒక్కొక్కటే ఆకుపచ్చగా మారాయి. గాజువాక కూడా. అన్నీ ఆరోగ్యంగా ఉన్నాయని గింజ చెప్పింది.

"అక్కా, వచ్చిందా గాలి?"

ఫోనులో యంత్రం నిదానంగా గాలి తీస్తోంది, వదులుతోంది. పసుపంటిన వేలు ఆ పేజీమీదే ఉంచి, సుభాషిణి అక్క మాట కోసం వింటూ నిలబడింది.