నిన్నటి అయిదు వాక్యాలు

కడప ఏడురోడ్ల దగ్గర బట్టల కొట్టు మీది గదిలో ఆరాధన స్పోకెన్ ఇంగ్లీషు చెబుతుంది. చేరిన మొదటి సాయంత్రమే జయకుమార్ ఆమెకు దొరికిపోయాడు.

అతను బండల యార్డులో పాలిష్ మిషను నడుపుతాడు. గండికోటలో గైడు కావాలని కోరిక. అయితే కోట కథ ఇంగ్లీషులో చెప్పమంది. అంతా ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పాడు. రాజు వస్తాడు, కోట కడతాడు, శత్రువులు వస్తారు, పోతారు.

"మీ రాజు ఇప్పుడు యాడికొచ్చినాడు? ముద్దనూరు దాటినాడా?" అంది ఆరాధన.

క్లాసంతా నవ్వింది. జయకుమార్ కూడా నవ్వాడు. ఆమె ముక్కు మీద చాక్‌పీసు మరక చూసి ఇంకొంచెం ఎక్కువే నవ్వాడు.

జరిగిపోయినదాన్ని జరిగిపోయినట్టు చెప్పడం అలవాటు కావాలని ఆమె అందరికీ ఒకే మందు వేసింది. రోజూ నిన్నటి గురించి అయిదు వాక్యాలు రాసుకురావాలి.

పాపం, జయకుమార్ నిన్నలన్నీ ఒకటే. బండకు పాలిష్ పెట్టాను, అన్నం తిన్నాను, పడుకున్నాను. నాలుగో రోజు విసుగొచ్చి, నిన్న వాన పడింది, నేను తడిశాను అని రాసేశాడు.

"యాడ పడింది వాన?"

"మా వీధిలో మేడమ్."

"మాదీ ఆ పక్కనే. నీళ్ళ ట్యాంకరు కోసం పొద్దంతా నిలబడింటి." ఆమె ఎర్రపెన్నుతో అడ్డంగా గీత కొట్టింది. "క్రియలన్నీ కరెక్టే. నిన్ననే తప్పు. నిజం రాయండి."

ఆ తర్వాత నిజాలే రాశాడు. క్రియలు ఒక్కొక్కటే దారికొచ్చాయి. ఒకసారి, నిన్న మేడమ్ పసుపు చున్నీ వేసుకొచ్చారు అని కూడా రాశాడు. ఆమె తలెత్తకుండా టిక్కు పెట్టింది. మర్నాడు మళ్ళీ పసుపు చున్నీయే.

ఒక గురువారం నోట్‌బుక్ తిరిగిస్తూ ఆమె మెల్లగా చెప్పింది. "ఆదివారం చర్చి అయినాక నన్ను చూసేకి కర్నూలోళ్ళు వస్తాండారు. కుదిరితే ఈ క్లాసు ఉండదు."

జయకుమార్ నోట్‌బుక్ తీసుకుని మెట్లు దిగిపోయాడు. శుక్రవారం మాత్రం అయిదు వాక్యాలు ఇచ్చాడు. నిన్న ఒక మాట విన్నాను. అన్నం తినలేదు. బదులు చెప్పాలనుకున్నాను. భయపడ్డాను. మొదటిరోజే మేడమ్ మీద మనసు పడ్డాను.

ఆరాధన చదివింది. టిక్కూ పెట్టలేదు, గీతా కొట్టలేదు. నోట్‌బుక్ బ్యాగులో వేసుకుని వెళ్ళిపోయింది.

క్లాసు లేని శనివారం, యార్డుకు యాభై దాటిన ఒకావిడ వచ్చి వంటగట్టుకు బండ కావాలంది. బాగా మెరిసేదాన్ని చూపించింది. జయకుమార్ వేళ్ళతో కొట్టి చూశాడు. బండ మొద్దుగా పలికింది.

"ఇది వద్దు పెద్దమ్మా. లోపల పగులుండాది. వేడిగిన్నె పెడితే చీలిపోతాది."

యజమాని గుర్రుగా చూశాడు. ఆవిడ మాత్రం ఏ ఊరు, ఏ చర్చి, ఇంట్లో ఎవరెవరని తీరిగ్గా అడిగింది. చివరికి, "అన్నం తిన్నావా నాయనా?" అంది.

"లేదు పెద్దమ్మా."

ఆవిడ బండ కొనకుండానే వెళ్ళిపోయింది. ఆదివారం అతనికి గడిచిందంటే గడిచింది.

సోమవారం తాళమే చూడాల్సి వస్తుందనుకుంటూ మెట్లెక్కాడు. తలుపు తెరిచే ఉంది. గదిలో ఇంకా ఎవరూ రాలేదు. ఆరాధన అతని నోట్‌బుక్ బెంచీ మీద పెట్టి, బోర్డు తుడవడంలో మునిగిపోయింది. లోపల అతని వాక్యాల కింద ఆమె గుండ్రటి రాత.

శుక్రవారం మీ అయిదు వాక్యాలు మా అమ్మకు తెలుగులో చదివి వినిపించాను. శనివారం అమ్మ యార్డుకు వచ్చింది, బండ కోసం కాదు. పగులు దాచని మనిషని ఇంటికొచ్చి చెప్పింది. కర్నూలు వాళ్ళకు ఫోన్ చేసి రావద్దంది.

జయకుమార్ రెండుసార్లు చదివాడు. వాక్యాల మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు.

"మేడమ్, నాలుగే ఉండాయి."

"అయిదోది ఇంకా జరగలేదు కదా." ఆమె బోర్డు వైపే తిరిగి ఉంది, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. "రేపు మీ అమ్మనాయనల్ని మా ఇంటికి పిల్చకరాండి. ఎల్లుండి ఇద్దరం కలిసి రాద్దాం."